కథనూ సినిమానూ పట్టికలో పెట్టించకండి: పాఠ్యపుస్తక రూపకర్తలకు, భాషోపాధ్యాయులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన శిక్షణ సంస్థల్లో భాషా విభాగాలను చూస్తున్న పెద్దలకు, పాఠ్యపుస్తక రచయితలకు, ప్రాజెక్టు పనుల జాబితాలు తయారుచేసేవారికి, నా తోటి భాషోపాధ్యాయులకు నమస్కారాలు.

ఒక కథ చదివి, ఆ కథ ఆధారంగా తీసిన సినిమా చూసి, రెండింటికీ ఉన్న పోలికలు, భేదాలు రాసుకుని రమ్మని ఉన్నత పాఠశాల పిల్లలకూ ఇంటర్మీడియట్ విద్యార్థులకూ ఇస్తున్న ప్రాజెక్టు పని గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఈ పని పెట్టాలన్న ఆలోచన చాలా మంచిది. మన పిల్లలు పుస్తకం కన్నా ముందు తెరను చదవడం నేర్చుకుంటున్నారు కాబట్టి, తెర మీద కథ ఎలా నడుస్తుందో, కాగితం మీద ఎలా నడుస్తుందో వాళ్లకు తెలియజెప్పడం భాషా తరగతి చేయవలసిన పనే. అయితే మనం అడుగుతున్న ప్రశ్న ఆ పని జరగకుండా చేస్తోంది. దానిని మార్చమని కోరడానికే ఈ లేఖ.

నా చేతికి వచ్చే ప్రాజెక్టు ఫైళ్లు దాదాపు అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. రంగు అట్ట, లోపల డౌన్‌లోడ్ చేసి అంటించిన పోస్టరు, రచయిత పరిచయం, దర్శకుడి పరిచయం, ఆ తర్వాత స్కేలుతో గీసిన రెండు నిలువు గడుల పట్టిక. ఎడమ గడిలో ‘కథలో’, కుడి గడిలో ‘సినిమాలో’. కథలో పాటలు లేవు, సినిమాలో ఉన్నాయి. కథ చిన్నది, సినిమా పెద్దది. కథలో ఫలానా పాత్ర లేదు, సినిమాలో ఉంది. చివరి పేజీలో, రెండూ బాగున్నా కథే ఎక్కువ బాగుందని ఒక వాక్యం. ఆ వాక్యం రాస్తే మాస్టారికి నచ్చుతుందని పిల్లలకు తెలుసు. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. మనం జాబితా అడిగాం, వాళ్లు జాబితా ఇచ్చారు. కథ తెరవకుండా, సినిమా చూడకుండా, ఫోనులో ఒక్క ప్రశ్న వేసి ఇంత జాబితానూ కొద్ది నిమిషాల్లో తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంటున్నారు కూడా. చదివిన పిల్లవాడికీ చదవని పిల్లవాడికీ ఒకే మార్కులు వచ్చే ప్రశ్న మంచి ప్రశ్న కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

అడగవలసినది ఏమిటో ఒక కథ పట్టుకుని చూపిస్తాను. రవీంద్రనాథ్ టాగూరు 1892లో రాసిన ‘కాబూలీవాలా’ మన పిల్లలకు బాగా పరిచయమైన కథ. దీని మీద 1957లో తపన్ సిన్హా బెంగాలీలో, 1961లో హేమేన్ గుప్తా హిందీలో సినిమాలు తీశారు. బెంగాలీ చిత్రంలో ఛబి బిశ్వాస్, హిందీ చిత్రంలో బల్‌రాజ్ సాహ్ని రహమత్ వేషం వేశారు. బాదం పప్పులూ ఎండుద్రాక్షా అమ్ముకునే పఠాను రహమత్‌కూ, అయిదేళ్ల మినీకీ మధ్య ఏర్పడిన స్నేహం, బాకీ ఎగ్గొట్టిన మనిషిని పొడిచి అతను జైలుకు పోవడం, ఏళ్ల తర్వాత సరిగ్గా మినీ పెళ్లినాడు తిరిగి రావడం అందరికీ తెలిసినవే. కథలో ఒక సంగతి మటుకు చివరిదాకా దాగి ఉంటుంది. రహమత్‌కు కూడా ఊళ్లో మినీ వంటి కూతురు ఉందని పాఠకుడికి తెలిసేది ఆఖరి ఘట్టంలోనే. మినీ తండ్రి డబ్బులు ఇవ్వబోతే అతను వద్దంటాడు, నాకూ ఇంటి దగ్గర ఇలాంటి పాప ఉందంటాడు, గుండెల దగ్గర ఎక్కడో దాచుకున్న మురికి కాగితం మడత తీసి బల్ల మీద పరుస్తాడు. దాని మీద ఉన్నది ఫొటో కాదు, బొమ్మ కాదు. చిన్న అరచేతికి మసి పూసి అద్దిన ముద్ర. ఏటా కలకత్తా వీధుల్లో తిరిగినన్నాళ్లూ అతను ఆ ముద్రను గుండెకు ఆనించుకునే తిరిగాడు. కథ చెబుతున్న తండ్రికి ఆ క్షణం దాకా అతను ఒక పఠాను, ఒక వర్తకుడు, జైలు నుంచి వచ్చిన మనిషి. మసి ముద్ర చూశాక తనలాంటి తండ్రి.

ఇప్పుడు 1961 నాటి సినిమా సంగతి చూడండి. అందులో రహమత్ కూతురు అమీనా మొదట్లోనే, కాబూల్‌లోనే, మనకు కనిపిస్తుంది. కూతుర్ని విడిచి అతను హిందూస్థానం బయలుదేరడం చూశాకే మనం మినీని చూస్తాం. కథలో ఆఖరున తెలియవలసినది సినిమాలో ముందే తెలిసిపోయింది. దీన్ని పట్టికలో పెడితే ఒక గీత కింద ఒక వాక్యంతో అయిపోతుంది: ‘కథలో అమీనా కనిపించదు, సినిమాలో కనిపిస్తుంది.’ మార్కు పడుతుంది. కాని అసలు పాఠం ఆ వాక్యం దగ్గర మొదలవ్వాలి. ముందే తెలియడం వల్ల చూసేవాడికి ఏం మారింది? రహమత్ మొదటిసారి మినీ గుప్పిట్లో బాదం పప్పులు పోసినప్పుడు కథ చదివేవాడు ఏం అనుకుంటాడు, సినిమా చూసేవాడు ఏం అనుకుంటాడు? కథలో మినీ తల్లికి ఉన్న భయం, ఈ పరాయి మనిషి పిల్లను ఎత్తుకుపోతాడేమోనన్న అనుమానం, చదివేవాడిని కూడా కొంచెం తాకుతుంది, ఎందుకంటే రహమత్ గురించి ఆ ఇంటివాళ్లకు తెలిసినంతే మనకూ తెలుసు. సినిమాలో ఆ అనుమానం మనకు కలగదు. అతని ఇల్లు మనం చూశాం, అతని కూతుర్ని చూశాం. తల్లి భయం మనకు అన్యాయంగా తోస్తుంది. ఒక్క సంగతిని వెనక నుంచి ముందుకు జరిపితే ఇన్ని మారాయి.

మా తరగతిలో ఒక అమ్మాయి ఈ ప్రశ్నకు రాసిన జవాబు చిన్నది. కథలో తనకు చివర ఏడుపు వచ్చిందని, సినిమాలో మినీ నవ్వినప్పుడల్లా ఏడుపు వచ్చిందని రాసింది. అందులో పట్టిక లేదు, పోస్టరు లేదు, రచయిత పుట్టిన తేదీ లేదు. కథా నిర్మాణం గురించి ఆ వయసు విద్యార్థి చెప్పగలిగిన గొప్ప మాటల్లో అది ఒకటి అని నేను నమ్ముతున్నాను. మన మూల్యాంకన సూచికల ప్రకారం మార్కులు వేస్తే ఆ జవాబుకు పదికి మూడు కూడా రావు.

ఈ కథలోనే ఇంకొక విషయం ఉంది. కథంతా మినీ తండ్రి ‘నేను’ అంటూ చెబుతాడు. అతను ఇల్లు కదలని రచయిత, నవలలో పదిహేడో ప్రకరణం రాసుకుంటూ కూర్చున్న మనిషి, కాబూలీవాలాను చూసినప్పుడల్లా మనసులోనే కొండలూ ఎడారులూ దాటి వస్తాడు. కథలో మారేది ముఖ్యంగా అతనే. చివర పెళ్లి ఖర్చుల్లోంచి డబ్బు తీసి రహమత్‌ను కూతురి దగ్గరకు పంపుతాడు, దీపాలూ మేళమూ తగ్గించుకుంటాడు, ఆడవాళ్లు నొచ్చుకుంటారు. కెమెరా వచ్చేసరికి ఆ ‘నేను’ నిలవదు. బల్‌రాజ్ సాహ్ని ముఖం తెర మీద ఉండగా ఎవరి కథ ఇది అన్న ప్రశ్నకు జవాబు మారిపోతుంది. మన్నా డే పాడిన ‘ఏ మేరే ప్యారే వతన్’ పాట పరాయి ఊళ్లో బతుకుతున్న పఠాన్ల గుండె లోపలి మాట. ఆ లోపలికి వెళ్లే దారి కథలోని తండ్రికి లేదు. అందుచేత సినిమాలో పాట ఉంది, కథలో లేదు అనే వాక్యాన్ని తప్పు పట్టనక్కరలేదు, దానిని అక్కడ వదిలేయడమే తప్పు. ఆ పాట ఎవరి మనసు చెబుతోంది, కథలో ఆ మనసు మనకు ఎందుకు వినపడలేదు అని అడిగితే పిల్లవాడు మళ్లీ కథ తెరిచి చూసుకోవలసి వస్తుంది. మనకు కావలసింది అదే కదా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో మనం కథలను తరచుగా కుదించి ఇస్తాం. కుదించిన పాఠంలో మినీ తల్లి భయమో, పెళ్లి ఖర్చులు తగ్గించుకున్న ముగింపో ఎగిరిపోయిందనుకోండి, సినిమాలో వాటిని చూసిన పిల్లవాడు ‘దర్శకుడు కొత్తగా చేర్చాడు’ అని రాస్తాడు. ఆ తప్పు వాడిది కాదు, మనది. సినిమాతో పోల్చమని అడిగే కథను పూర్తిపాఠంగానే ఇవ్వండి. టాగూరు, ప్రేమ్‌చంద్, గురజాడల రచనలకు కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి మూలం వైపు నుంచి అడ్డంకి లేదు. మంచి అనువాదం చేయించడం ఒక్కటే మన ముందున్న పని.

పై తరగతుల వారికి ఇంతకన్నా బరువైన కథ ఇవ్వవచ్చు. ప్రేమ్‌చంద్ చివరి రోజుల్లో రాసిన ‘కఫన్’ను మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’గా తెలుగులో తీశారు. హిందీ, ఉర్దూ కథ ఒకటి బెంగాలీ దర్శకుడి చేతిలో తెలంగాణ పల్లెకు వచ్చి, మన మాటలతో తయారై, ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. మన ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇంత దగ్గరగా ఉన్న ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం, అయినా దీని పేరు విన్న పిల్లలు నాకు దాదాపు తారసపడలేదు.

‘కఫన్’ ఒక చలికాలపు రాత్రి మొదలవుతుంది. గుడిసె ముందు చల్లారిపోయిన నెగడు దగ్గర తండ్రీ కొడుకులు ఘీసూ, మాధవ్ కాల్చిన బంగాళాదుంపలు తింటున్నారు. లోపల మాధవ్ భార్య బుధియా పురిటి నొప్పులతో అరుస్తోంది. తాను లోపలికి వెళ్తే ఎక్కువ దుంపలు ఘీసూ తినేస్తాడని మాధవ్ కదలడు. పొద్దున్నకు ఆమె చనిపోయి ఉంటుంది. దహనానికని ఊళ్లో అడుక్కుని అయిదు రూపాయలు పోగు చేస్తారు, శవం మీద కప్పే గుడ్డ కొనడానికి బజారుకు వెళ్లి, ఆ డబ్బుతో తాగి తిని పాడుతూ పడిపోతారు. ఈ కథలో బుధియా మనకు కనిపించదు. ఆమె అరుపు గోడ అవతల నుంచి వినిపిస్తుంది. ఆమె ఆ ఇంటికి వచ్చి కాస్త కుదురు తెచ్చిన సంగతి, పిండి విసిరో గడ్డి కోసో ఆ ఇద్దరి కడుపులూ నింపిన సంగతి రచయిత రెండు మూడు వాక్యాల్లో దాటేస్తాడు. ఆమె ముఖం మొదటిసారి చూసేసరికి దాని మీద ఈగలు ముసురుతుంటాయి.

సినిమాలో ఆమె నీలమ్మ. మమతా శంకర్ ఆ పాత్ర వేశారు. కథలో రెండు మూడు వాక్యాలుగా ఉన్న బతుకు సినిమాలో పెద్ద భాగమైంది. నీలమ్మ కోడలిగా రావడం, ఆ ఇంటిని ఇల్లు చేయాలని చూడడం, పని చేయనని మొండికేసిన మామ వెంకయ్యతో తలపడడం మన కళ్ల ముందే జరుగుతాయి. వెంకయ్యగా వాసుదేవరావు చేసిన నటన గురించి ఒక లేఖంతా రాయవచ్చు. కనపడని స్త్రీ కనపడింది. దీనివల్ల కథలోని క్రౌర్యం పెరిగిందా, తగ్గిందా? బుధియా కేవలం అరుపుగా ఉండిపోవడమే ప్రేమ్‌చంద్ కథకు ఉన్న పదును అని ఒక విద్యార్థి వాదించవచ్చు. ఆ తండ్రీ కొడుకులకు ఆమె ఎంత కనపడదో పాఠకుడికి కూడా అంతే కనపడకుండా చేసి, పాఠకుణ్ణి కూడా నెగడు దగ్గరే కూర్చోబెట్టాడని చెప్పవచ్చు. నీలమ్మను చూశాక, ఆమెతో కొంతకాలం గడిపాక, ఆ చావు ఎక్కువ భరించరానిదైందని ఇంకొకరు వాదించవచ్చు. రెండూ సరైన జవాబులే, కథలోంచి రెండు వాక్యాలూ సినిమాలోంచి ఒక దృశ్యమూ ఆధారంగా చూపిస్తే.

అలాగే, రాత్రింబగళ్లు చాకిరీ చేసేవాళ్ల బతుకు వీళ్ల బతుకు కన్నా మెరుగ్గా ఏమీ లేని సమాజంలో ఇలాంటి మనసు పుట్టడం వింత కాదని కథకుడు తన గొంతుతో చెబుతాడు. సినిమాలో ఆ ఆలోచన వెంకయ్య నోట్లోకి వచ్చింది. రచయిత చెప్పిన మాటకూ, ఆకలితో ఉన్న మనిషే తెలిసి పలికిన మాటకూ బరువులో తేడా ఉంది. కథకుడు సమర్థించినట్టు ఉన్నది పాత్ర నోట తిరుగుబాటులా వినిపిస్తుంది.

‘కఫన్’ తరగతికి తెచ్చేటప్పుడు ఉపాధ్యాయులు ముందుగా సిద్ధపడవలసిన విషయం కులం. కథలో ఘీసూ, మాధవ్‌లను చమార్లుగా స్పష్టంగా చెప్పారు. దళితులను ఇంత మనసులేని వాళ్లుగా చిత్రించడం మీద హిందీలో దళిత రచయితలు, విమర్శకులు గట్టి అభ్యంతరాలు చెప్పారు. వాటిని పిల్లలకు చెప్పకుండా కథను ‘పేదరికం మీద గొప్ప కథ’ అని మాత్రం పరిచయం చేయడం అన్యాయం. మన తరగతుల్లో కూర్చున్న పిల్లల్లో ఆ కులాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లు ఈ కథ మీద కోపంతో రాసిన జవాబును కూడా చదివి, ఆధారం ఉంటే పూర్తి మార్కులు వేసే ధైర్యం మనకు ఉండాలి. అది లేనిచోట ఈ కథ పెట్టకపోవడమే మేలు.

సినిమా కథను ‘మార్చేసింది’ అన్న ఫిర్యాదు గురించి ఒక్క మాట. ప్రేమ్‌చంద్ 1924లో రాసిన ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’లో చదరంగం పిచ్చివాళ్లు మీర్, మీర్జా చివరకు కత్తులు దూసి ఒకరినొకరు చంపుకుంటారు. తమ నవాబు కోసం ఒక్క కన్నీటి చుక్క రాల్చనివాళ్లు చదరంగం వజీరు కోసం ప్రాణాలిచ్చారని కథకుడు అంటాడు. సత్యజిత్ రాయ్ 1977లో తీసిన సినిమాలో ఇద్దరూ బతికే ఉంటారు. పిస్తోలు పేలుతుంది, గుండు రాసుకుంటూ పోతుంది, తర్వాత మళ్లీ ఆటకు కూర్చుంటారు, ఈసారి ఇంగ్లీషు పద్ధతిలో. పరీక్షలో ‘కథ ఎలా ముగిసింది?’ అని అడిగినప్పుడు సినిమా ముగింపు రాస్తే అది తప్పే, దానికి మార్కులు తీసేయవలసిందే. కాని రాయ్ వాళ్లను ఎందుకు చావనివ్వలేదని అడిగితే అది చరిత్ర పాఠానికి దారి తీసే ప్రశ్న. 1856లో ఆ నవాబు ఏలిన అవధ్ రాజ్యం ఈస్టిండియా కుంపినీ చేతికి పోయాక ఆ వర్గపు వాళ్లలో ఎందరో చావలేదు, కొత్త దొరల పద్ధతి నేర్చుకుని ఆట కొనసాగించారు. చావు తేలికా, అలా బతకడమా అన్నది పదహారేళ్ల పిల్లలు బాగా వాదించగలిగే విషయం.

తెలుగు కథలకు మంచి సినిమా రూపాలు తక్కువగా ఉన్నాయి కదా అని కొందరు మిత్రులు అంటారు. సినిమా లేని కథతో కూడా ఇదే పాఠం చెప్పవచ్చు. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ ‘తలుపు! తలుపు!’ అన్న పిలుపుతో మొదలవుతుంది. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావు, చీకటి గది, బల్ల మీద భార్య కమలిని వదిలిన ఉత్తరం, నౌకరు రాముడి మీద కోపం, చివరకు మంచం కింద నుంచి వినిపించిన నవ్వు. కమలిని మొదటి నుంచీ ఆ గదిలోనే ఉంది, మనకు తెలియదు. దీన్ని సినిమా తీస్తే కెమెరా ఎక్కడ పెడతారు అని తొమ్మిదో తరగతి పిల్లలను అడిగి చూడండి. మంచం కింద పెడితే కమలినితో కలిసి మనమూ నవ్వు ఆపుకుంటూ భర్తను చూస్తాం. గుమ్మం దగ్గర పెడితే అతనితో కలిసి కంగారుపడతాం. ఒక పీరియడు చాలదు, గంట కొట్టినా పిల్లలు లేవరు. గురజాడ ఎక్కడ నిలబడి ఈ కథ చెప్పారో వాళ్లకు అర్థమవుతుంది, ఏ వ్యాకరణ పదమూ నేర్పకుండానే.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ‘పోలికలు, భేదాలు పట్టికలో రాయండి’ అన్న ప్రశ్నను తీసేయండి. దాని స్థానంలో, కథా సినిమా విడిపోయిన ఒక్క చోటు ఎంచుకోమని, అక్కడ కథలోని వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా రాసి, సినిమాలో ఆ చోట కనిపించినదీ వినిపించినదీ సొంత మాటల్లో వర్ణించి, ఆ మార్పు వల్ల చదివేవారికీ చూసేవారికీ ఏం తేడా వచ్చిందో ఒకటి రెండు పేజీల్లో వివరించమని అడగండి. మార్కులు గమనింపుకు, ఆధారానికి, వివరణకు వేయండి. అట్టకు, బొమ్మలకు, జీవిత విశేషాలకు వద్దు. కథ బాగుందా, సినిమా బాగుందా అన్న తీర్పు అడగనే వద్దు. అడిగితే పిల్లలు మన ముఖం చూసి జవాబు రాస్తారు.

ఈ పని ఇంటికి పంపడం కూడా ఆపాలి. ఇంట్లో పుస్తకమూ, ఇంటర్నెట్టూ, చెప్పే పెద్దలూ ఉన్న పిల్లలకే అది అనుకూలం. ‘కాబూలీవాలా’ను రెండు పీరియడ్లలో గట్టిగా చదివి వినిపించవచ్చు. సినిమా మొత్తం చూపనక్కరలేదు, కావలసిన రెండు ఘట్టాలు ఒక పీరియడులో చూపవచ్చు. ఇప్పుడు చాలా ఉన్నత పాఠశాలల్లో తెరలున్నాయి. తరగతిలో సినిమా చూపితే చట్టం ఒప్పుకుంటుందా అని భయపడే ప్రధానోపాధ్యాయులకు, విద్యాసంస్థలో బోధనలో భాగంగా, సిబ్బందీ విద్యార్థులూ వారి తల్లిదండ్రుల వరకే పరిమితమై చూసే సినిమా ప్రదర్శనకు 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను మినహాయింపు ఇస్తోందని ఒక సర్క్యులర్‌లో రాసి పంపండి. ఆ ఒక్క కాగితం వల్ల ఎన్నో బడుల్లో తెరలు వెలుగుతాయి.

ఉపాధ్యాయ శిక్షణలో కూడా దీనికి ఒక పూట కేటాయించాలి. కథలు చెప్పడం మాకు వచ్చు. ఒక దృశ్యాన్ని ఆపి, కెమెరా ఎవరి వైపు ఉంది, ఎవరి మాట వినిపించడం లేదు, చప్పుడు ఎక్కడ ఆగింది అని అడగడం మాలో చాలామందికి ఎవరూ నేర్పలేదు. సినిమా గురించి మాట్లాడడం అంటే కథ చెప్పి హీరో పేరు చెప్పడమే అన్న అలవాటు నుంచి ముందు మేము బయటపడాలి. భిన్నమైన జవాబులకు మార్కులు ఎలా వేయాలో, ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు మూడు నిజమైన విద్యార్థి జవాబులు ముందు పెట్టుకుని చర్చిస్తే, సూచికలు పేజీల కొద్దీ అచ్చు వేయనక్కరలేదు. ఏడాదికి ఇలాంటి ప్రాజెక్టు ఒక్కటి చాలు. ఇప్పుడు ప్రతి ఫార్మేటివ్ పరీక్షకూ ఒకటి చొప్పున చేయించడం వల్లే ఏదీ చదవకుండా పోతోంది.

వచ్చే విద్యా సంవత్సరానికి ప్రాజెక్టుల జాబితా ఖరారు చేసే ముందు కనీసం తొమ్మిదో తరగతికి ఒక కథ, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరానికి ఒక కథ ఈ పద్ధతిలో పెట్టి చూడమని కోరుతున్నాను. ‘కాబూలీవాలా’కూ, ‘దిద్దుబాటు’కూ, ‘కఫన్’కూ నమూనా ప్రశ్నలు, చూపవలసిన ఘట్టాల వివరాలు, మూల్యాంకనానికి సూచనలు రాసి ఇవ్వడానికి నేనూ, ఇదే ఆలోచన ఉన్న తోటి ఉపాధ్యాయులూ సిద్ధంగా ఉన్నాం. మీరు పిలిచిన రోజున వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయురాలు